అత్త వాటా

బొటనవేలితో నొక్కితే ఆ పాదంలో గుంట పడింది. పడ్డ గుంట మళ్ళీ పైకి లేవలేదు.

సిడోనీ చెయ్యి వెనక్కి లాక్కుని పాత గుడ్డకి తుడుచుకుంది. తర్వాత రెండో ముందుపాదం నొక్కి చూసింది. అది సన్నగా, గట్టిగా, ఎలా ఉండాలో అలాగే ఉంది. ఎడమది మాత్రం పులిసి పొంగిన పిండిముద్దలా ఉంది. కత్తిమొన ఆనించగానే నల్లటి జిగురు కారి బల్ల మీద పరిచిన అట్టమీద పడింది. ఆ వెనకే కంపు లేచింది. ఎనిమిదో ఏట నుంచి జంతువుల్ని కోస్తున్న మనిషి సిడోనీ. ఇప్పుడామెకి డెబ్బై ఒకటి. పేగుల కంపుకి, పిత్తు కంపుకి ఆమె ఎన్నడూ ముఖం చిట్లించలేదు. ఈ కంపుకి మాత్రం ముఖం పక్కకి తిప్పుకుంది.

బల్ల మీద మూడు లింక్స్‌లున్నాయి. చెవుల కొసన నల్లకుచ్చులుండే పెద్ద అడవిపిల్లులు. తోళ్ళు ఆమె మేనల్లుడు హోరస్ దగ్గరే ఉన్నాయి, అమ్మకానికి. మాంసం, తల, పాదాలు మాత్రం అత్త ఇంటికి వచ్చాయి. రావలసిందే. ఎర్రరాయి సరస్సు ఒడ్డున పుట్టిన ఏ మగాడూ మేనత్తకి వాటా పెట్టకుండా వేట తినడు. ఆ మాంసం వండేది అత్త. ఎముకలు కుక్కల నోట పడకుండా చూసేది అత్త. పుర్రెని చెట్టుకి కట్టేది అత్త. అది జరక్కపోతే మరుసటి ఏడు జంతువు అటు రాదు.

ఆమె పొట్ట కోసింది. అందులో కుందేలు బొచ్చు లేదు, ఎముక లేదు. స్ప్రూస్ చెట్టు బెరడు పెళ్ళలు, చెక్కపొట్టు, దాని సొంత వెంట్రుకలు ఉన్నాయి. మూత్రపిండాల చుట్టూ కొవ్వు పూర్తిగా కరిగిపోయింది. నోరు తెరిచి చూస్తే ఒక కోర సగానికి విరిగి ఉంది. ఇనుము కొరికితే విరిగే తీరు అది.

చచ్చిన పాదం వాయదు. ఇంతలా వాయాలంటే ఉచ్చులో కాలు పడ్డాక కూడా గుండె కొట్టుకుంటూనే ఉండాలి. నాలుగు రోజులు. ఐదైనా ఆశ్చర్యం లేదు.

మిగతా రెండింటినీ చూసింది. రెండూ అంతే.

ఉచ్చు పెట్టినవాడు మూడు రోజులకోసారి వెళ్ళి చూడాలి. ఎర్రరాయి వేటగాళ్ళ సంఘం పెట్టుకున్న కట్టుబాటు అది. తప్పితే ఉచ్చుల బాట ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళనుంచి లాగేసుకుంటారు. ఆ మూడు పిల్లులూ పడ్డ బాట సిడోనీ పేరు మీద ఉంది. దాన్ని తొక్కింది ఆమె తండ్రి, తర్వాత ఆమె. మోకాలు పని చెయ్యడం మానేశాక, రెండు చలికాలాల కిందట హోరస్‌కి అప్పగించింది.

శుక్రవారం విమానంలో సముద్రం అవతలి దేశాలనుంచి ఐదుగురు వస్తున్నారు. ఇక్కడి తోళ్ళు కొనేది ఆ దేశాలే. కొనడం మానేయాలా వద్దా అన్నది వాళ్ళు వెనక్కి వెళ్ళి చెప్పే మాట మీద ఉంది. మీరు ఉచ్చుల్ని సరిగ్గా చూసుకుంటున్నారా అని వాళ్ళు అడిగారు. సంఘం పెద్ద హోదాలో హోరస్ జవాబు రాశాడు: మూడు రోజులకోసారి, తప్పకుండా. సాక్ష్యం చెప్పడానికి అందరికంటే పాత వేటకత్తెని సభలో నిలబెడతామని కూడా రాశాడు.

ఆ పాత వేటకత్తె సిడోనీయే.

హోరస్ తెలివైనవాడు. తోళ్ళు దువ్వి నిగనిగలాడించాడు. గాయం తగిలిన చోట కత్తిరించేశాడు. సంఘం గదిలో రంగురంగుల పటాలు అంటించాడు. అంతా దాచినవాడు అత్త వాటా దగ్గర చిక్కిపోయాడు. అది ఎగ్గొట్టాలన్న ఆలోచనే వాడి బుర్రలోకి రాలేదు. తోలు చూసి పట్నంవాడు మోసపోతాడు, ఒళ్ళు చూసి అత్త మోసపోదని కూడా వాడికి తట్టలేదు.

మరునాడు పొద్దున్నే సిడోనీ జకారీ తలుపు తట్టింది. జకారీ ఆమెకి మేనత్త కొడుకు. డెబ్బై దాటినా ఎదురుపడితే చాలు, ఒకరినొకరు ఆట పట్టించకుండా ఉండరు.

"ఏం మరదలా, ఇన్నేళ్ళకి నన్ను లేవదీసుకుపోదామని వచ్చావా?"

"నీ ముఖానికి అదొకటే తక్కువ. మంచుబండి తియ్యి. నా బాటకి వెళ్ళాలి."

"మోకాలో?"

"మోకాలు నాది, బండి నీది. నీకేం నొప్పి?"

జకారీ ఆమె ముఖం చూశాడు. బూట్లు తొడుక్కున్నాడు.

సరస్సు దాటి అడవిలోకి మలుపు తిరిగేచోట జకారీ బండి ఆపేశాడు. ఆమె చెప్పకముందే ఆపాడు. శనివారం మంచు కురిసింది. ఇవాళ గురువారం. బాట మీద ఆ మంచు దుప్పటి పరిచినట్టు నున్నగా పడి ఉంది. కుందేలు నడిచిన గుర్తులున్నాయి. నక్క ఒకటి అడ్డంగా పోయింది. బండి జాడ లేదు. మనిషి అడుగు లేదు.

"చూశావా?" అంది సిడోనీ.

"కళ్ళున్నాయిగా," అన్నాడు జకారీ. అతని గొంతులో వేళాకోళం పోయింది.

మొదటి నాలుగు ఉచ్చులూ ఖాళీ. ఐదోదానిలో ముంగిసలా ఉండే మార్టెన్ ఒకటి చచ్చి బిగుసుకుపోయి ఉంది. ఎలుకలు దాని పొట్ట తినేశాయి. ఆరోదాంట్లో పాదం ఒక్కటే మిగిలింది. జకారీ ఉమ్మేశాడు.

తొమ్మిదో ఉచ్చులో పిల్లి బతికే ఉంది.

అది అరవలేదు, గింజుకోలేదు. లింక్స్ గొడవ చెయ్యదు, కూర్చుంటుంది. గొలుసు అందినంత మేర మంచంతా తుడిచిపెట్టుకుపోయి నల్లనేల బయటపడింది. ఆ గుండ్రటి నేల మధ్యలో కూర్చుని వచ్చినవాళ్ళ వంక చూసింది. ఉచ్చులో ఉన్న పాదం గడ్డకట్టి కొయ్యలా ఉంది. గడ్డకట్టిన చోట నొప్పి తెలియదు. అందుకే అది ఆ వేళ్ళు తినేసింది. రెండు పోయాయి. మూడోది సగం ఉంది. మూతి చుట్టూ సొంత రక్తం ఎండి పెచ్చులు కట్టింది. చుట్టూ అది వదిలిన మలం లేదు. వదలడానికి దాని లోపల ఏమీ లేదు.

"వెనక్కి తిరుగు మరదలా."

"నేనెందుకు తిరగాలి? బాట నా పేరు మీదుంది. నువ్వు కాల్చు, నేను చూస్తాను."

చిన్న తుపాకి ఒక్కసారి టప్పుమంది. సిడోనీ మోకాలు ఈడ్చుకుంటూ వెళ్ళి ఇనపదవడలు తొక్కి విప్పింది. జంతువుని ఎత్తితే పసిపిల్ల బరువు లేదు. ఆమె దాని రెండు ముందుపాదాలూ కోసి సంచిలో వేసుకుంది.

"అవెందుకు?"

"అత్త వాటా," అంది సిడోనీ.

హోరస్ సంఘం గదిలో కుర్చీలు సర్దుతున్నాడు. నలభై ఏళ్ళవాడు, మంచి మాటకారి. ఎర్రరాయి నుంచి రాజధానికి వెళ్ళి మంత్రుల ముందు మాట్లాడి వచ్చిన ఒకే ఒక్కడు. అత్త తలుపు దగ్గర నిలబడి ఉండటం చూసి నవ్వబోయి ఆగిపోయాడు.

"బాటకి వెళ్ళొచ్చాను రా."

"ఈ మోకాలితోనా? చెప్తే నేనే తీసుకెళ్ళేవాణ్ణి కదత్తా!"

"నీకే దారి తెలీదుగా. మంచు పడ్డాక అటు అడుగు పెట్టలేదు."

హోరస్ కుర్చీ దించాడు. తలుపు మూసి వచ్చాడు.

"ఈ వారం కుదరలేదు. వీళ్ళ రాకకి ఏర్పాట్లు చెయ్యాలా వద్దా?"

"నువ్వు పంపిన మూడూ పోయిన వారానివి. అప్పుడెవరొచ్చారు?"

హోరస్ పక్కనున్న కుర్చీ వరసలోకి జరిపాడు.

"ఎన్నాళ్ళకోసారి వెళ్తున్నావు?"

"ఎనిమిది. ఒక్కోసారి పది." వాడు గొంతు తగ్గించలేదు, పెంచాడు. "నీ రోజుల్లో అరవై ఉచ్చులు చాలేవి. ఇప్పుడు అరవై పెడితే పెట్రోలు కూడా రాదు. ధర ఎందుకు పడిపోయింది? వీళ్ళే, తోళ్ళు కొనొద్దని వీధుల్లో ఎర్రరంగు పూసుకుని పడుకుని ఏడ్చారు. ధర పడింది కాబట్టి రెండొందలు పెట్టాను. రెండొందలు పెట్టాను కాబట్టి మూడు రోజుల్లో తిరగలేకపోతున్నాను. తప్పు నాదంటావా?"

"తిరగలేనివాడివి పెట్టకూడదు."

"పెట్టకపోతే ఏం తినాలి?"

"నువ్వు తింటున్నావులే. అది కూడా తింది. దాని కాలు అది తింది."

హోరస్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. సిగ్గు అనుకుంది ఆమె. మళ్ళీ ఇటు తిరిగినప్పుడు చూస్తే అది సిగ్గు కాదు, విసుగు.

"జంతువే కదత్తా."

సిడోనీకి ఆ మాట గట్టిగా తగిలింది. వేటని తిట్టేవాళ్ళ మాటలు ఆమె రేడియోలో చాలా విన్నది. నెత్తురు తాగేవాళ్ళన్నారు, హంతకులన్నారు. ఒక్కటీ ఇలా తగల్లేదు. ఎర్రరాయిలో పుట్టినవాడి నోట ఇంతవరకు ఆమె ఈ మాట వినలేదు.

"రేపు సభలో చెప్తాను," అంది.

"చెప్పు. నా పరువు పోతుంది, పోనీ. నీ బాట పోతుంది, అది చూసుకో. తాతయ్య తొక్కిన బాట. దాంతో ఆగదు, వాళ్ళు కొనడం మానేస్తే ఇక్కడున్న నలభై ఇళ్ళకీ పొయ్యి వెలగదు. అప్పుడు ఇంటింటికీ వెళ్ళి పిల్లి కాలు చూపించు, కడుపు నిండుతుంది."

ఆమె బయటికి వచ్చేసింది. వాడన్నదాంట్లో అబద్ధం లేదు. అందుకే ఇంకా అసహ్యమేసింది.

శుక్రవారం మధ్యాహ్నం విమానం గడ్డకట్టిన సరస్సు మీద దిగింది. ఐదుగురూ దిగారు. హోరస్ ఎదురెళ్ళి చేతులు కలిపాడు. సభ గదిలో ఊరంతా ఉంది. గోడవారన పొడుగాటి బల్ల మీద తోళ్ళు, చెట్లు కొరికి నీటికి కట్టలు కట్టే బీవర్ పళ్ళు, పూసలు కుట్టిన చేతితొడుగులు పెట్టారు. ఆ వరస చివర సిడోనీ ఒక పింగాణీ పళ్ళెం పెట్టింది. అందులో రెండు పాదాలు పక్కపక్కన ఉన్నాయి. ఇంట్లో వేడికి గడ్డ విడి మెత్తబడ్డాయి. ఒకటి సన్నది. రెండోది ఉబ్బి, రెండు వేళ్ళు లేకుండా, నల్లగా ఉంది.

ఊరివాళ్ళు ఒక్కొక్కరే బల్ల పక్కనుంచి నడిచారు. పళ్ళెం దగ్గరికి రాగానే ఒక్కొక్కరి అడుగూ ఆగింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ పాదం చూస్తే ఇక్కడి పదేళ్ళ పిల్లకైనా రోజులు తెలుస్తాయి. చూశారు, తల ఎత్తి హోరస్ వంక చూశారు, వెళ్ళి కూర్చున్నారు.

విదేశీయులూ నడిచారు. ఆన్‌లోర్ అనే పొడుగాటి ఆవిడ ఆ ఐదుగురికీ పెద్ద. ఒక ముసలాయన బీవర్ తోలు వలిచి చూపిస్తుంటే రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఎర్రటి కండ కనబడగానే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ బీవర్ మంచుకింద ఒక్క దెబ్బకి పోయింది. దాని గురించి ఏడ్చిన మనిషి పళ్ళెం దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇవేమిటని అడిగింది.

"పిల్లి పాదాలు," అన్నాడు హోరస్. "మంచులో దిగబడకుండా దేవుడు వెడల్పుగా ఇచ్చాడు."

ఆవిడ చిన్నగా నవ్వి ముందుకు కదిలింది. పక్కనున్న లావుపాటాయన ఫొటో తీశాడు, తోళ్ళది.

సిడోనీ అంతా చూస్తోంది. వీళ్ళకి అన్నీ రోతగానే ఉన్నాయి, నిజంగా రోత పడాల్సింది తప్ప. నెత్తురు రోత, వాసన రోత, కత్తి రోత. ఐదు రోజుల చావుని పళ్ళెంలో పెట్టి చూపిస్తే నవ్వి పోయారు.

మూస్ దుప్పి పులుసు, బానక్ రొట్టె వడ్డించారు. హోరస్ వంగి చెవిలో అడిగాడు. "పిల్లి మాంసం ఏదత్తా?"

"తగలబెట్టేశాను. అది మనుషులు తినేది కాదు."

ఆన్‌లోర్ రొట్టె మాత్రం తుంచుకుంది. లావుపాటాయన మూడుసార్లు పులుసు వడ్డించుకుని, మూతి తుడుచుకుని, మూగజీవాల గురించి ఏదో బాధగా అన్నాడు. జకారీ సిడోనీ వైపు వంగి, "ఈయన బాధ చాలా ఆకలేసే రకం," అన్నాడు. ఆమెకి నవ్వు రాలేదు.

తర్వాత హోరస్ లేచాడు. ఇంగ్లీషులో గలగలా మాట్లాడాడు. సిడోనీకి ఇంగ్లీషు చెవికి వచ్చు, నోటికి రాదు. యాభై ఏళ్ళు కొట్టువాడికి తోళ్ళమ్మితే ఆ మాత్రం చెవి వస్తుంది. చివర్లో తన పేరు వినబడింది. ఆమె తమ జాతి క్రీ భాషలో చెప్తుంది, తాను అనువాదం చేస్తానని హోరస్ అంటున్నాడు.

ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"నా బాటలో ఉచ్చుల్ని మూడు రోజులకోసారి చూడటం లేదు," అంది. "ఎనిమిది రోజులు పడుతోంది. పది కూడా."

హోరస్ గొంతు సవరించుకున్నాడు. విదేశీయుల వైపు తిరిగాడు. సిడోనీ చెవులు రిక్కించింది. వాడు ఇంగ్లీషులో అన్నది స్పష్టంగా వినబడింది: తన బాటలో ప్రతి ఉచ్చునీ మూడు రోజులకోసారి చూస్తారని అత్త అంటోంది.

ఆన్‌లోర్ తలాడిస్తూ రాసుకుంది.

"నిన్న నేనే వెళ్ళి చూశాను. బతికున్న పిల్లి తన కాలు తాను తింటోంది. నా కళ్ళముందు కాల్చాం."

"నిన్న కూడా ఈ వయసులో తనే బాటకి వెళ్ళి చూసొచ్చిందట," అన్నాడు హోరస్.

విదేశీయుల్లో ఎవరో మెచ్చుకోలుగా గొణిగారు.

సిడోనీ సభ వంక చూసింది. ఈ గదిలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు సగం మంది ఉన్నారు. స్కూల్లో నేర్చుకున్నవాళ్ళు, గనుల్లో పని చేసినవాళ్ళు. వాళ్ళు రెండూ విన్నారు, క్రీలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. ఒకడు తన బూట్లు చూసుకుంటున్నాడు. ఒకామె పిల్ల జుట్టు సర్దుతోంది. జకారీ పిడికిలి బిగించాడు, నోరు మాత్రం తెరవలేదు.

ఆమె నోటికి వచ్చే ఇంగ్లీషు మాట ఒకటుంది. కొట్టువాడు తక్కువ ధర చెప్పినప్పుడల్లా యాభై ఏళ్ళు వాడిన మాట. నో. ఆ ఒక్క మాట చాలు. ఆన్‌లోర్ తలెత్తుతుంది, మళ్ళీ అడుగుతుంది, పళ్ళెం దగ్గరికి వస్తుంది.

మాట గొంతు దాకా వచ్చింది. ఎదురుగా బెంచీల మీద నలభై ఇళ్ళు కూర్చుని ఉన్నాయి.

ఆమె దాన్ని మింగేసింది.

"అది నా పేరు మీదున్న బాట. తప్పు నాది. నేను చెప్పేది ఇంతే," అని కూర్చుంది.

"ఈ బాటే నా పేరు, నా గౌరవం అంటోంది," అన్నాడు హోరస్. విదేశీయులు ఐదుగురూ చప్పట్లు కొట్టారు. ఊరివాళ్ళెవరూ కొట్టలేదు. అది వాళ్ళ ఆచారమేమో అనుకుని ఆన్‌లోర్ సిగ్గుపడి చేతులు దించేసింది.

విమానం చప్పుడు కొండ వెనక్కి పోయేదాకా ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు. హోరస్ లోపలికి వస్తూ చేతులు రుద్దుకున్నాడు.

"అయిపోయింది. అనుకూలంగానే రాస్తామన్నారు. ఇక ఇళ్ళకి పదండి."

"కూర్చో," అన్నాడు ఎలియాజర్. సంఘంలో వయసుకి పెద్దవాడు. ఏడాదికి నాలుగు మాటలకంటే మాట్లాడని మనిషి. "వాళ్ళు విన్నది వాళ్ళు పట్టుకుపోయారు. మేం విన్నది ఇక్కడుంది."

"పెద్దయ్యా, నేనెవరి కోసం చేశాను? మీ కోసం కాదా?"

"మా కోసమే. అందుకే మేం కూడా నోరెత్తలేదు. ఆ పాపంలో మాకూ వాటా ఉంది. కట్టుబాటు సంగతి వేరు." ఎలియాజర్ సిడోనీ వైపు తిరిగాడు. "బాట నీ పేరు మీదుందమ్మా."

"ఉంది."

"తీసేయాలి."

"తీసేయండి."

హోరస్ ముందుకొచ్చాడు. "తీసేస్తే నా పేరున రాయండి. అక్కడ పని చేస్తున్నవాణ్ణి నేనే కదా?"

గదిలో ఒక్కసారిగా గోల లేచింది. ఒకావిడ కూర్చున్నచోటే ఉమ్మింది. జకారీ లేచి హోరస్ ముఖానికి ముఖం పెట్టి, "నీకసలు ముక్కు లేదురా. పళ్ళెంలోంచి కంపు కొడుతుంటే పక్కన నిలబడి బాట అడుగుతున్నావు," అన్నాడు.

తేలింది ఇది. బాట ఐదు చలికాలాలు ఎవరికీ ఇవ్వరు. రెండొందల ఉచ్చులూ సోమవారం లోపల హోరస్ ఎత్తాలి, జకారీ వెనక ఉండి చూడాలి. హోరస్‌ని సంఘం పెద్దగా తీసేద్దామని ఎవరో అన్నారు. అప్పుడు మాత్రం గది మెత్తబడింది. వచ్చే ఏడు ఆ విదేశీయులు మళ్ళీ వస్తారు, వాళ్ళతో మాట్లాడేదెవరు? ఎలియాజర్ నేల వంక చూశాడు. ఆ మాట అక్కడే వదిలేశారు. హోరస్‌కి తెలుసు వదిలేస్తారని. వాడి ముఖంలో అది కనబడింది.

సిడోనీ పళ్ళెం తీసుకుని బయటికి నడిచింది. మెట్ల దగ్గర ఎవరో ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఊరి చివరింటి కోడలు, ముగ్గురు పిల్లల తల్లి.

"ఏమనుకోకు అవ్వా. అతనలా తిప్పి చెప్పబట్టి బతికిపోయాం. నువ్వు కూడా ఊరుకున్నావు, నీ పుణ్యం."

సిడోనీ తలూపింది. ఆ పిల్ల వెళ్ళిపోయింది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. ఆ నో మింగినప్పుడు తనకీ అంతే హాయిగా అనిపించింది. మెడ మీంచి కత్తి తీసేసినట్టు. అది గుర్తు రాగానే గోడ పట్టుకుని వంగి, తిన్నదంతా మంచులో కక్కేసింది.

జకారీ వచ్చి నడుం పట్టుకున్నాడు. "పులుసు పడలేదా?"

"పులుసుకేం, బానే ఉంది." మంచు చేతిలోకి తీసుకుని నోరు తుడుచుకుంది. "రేపు పొద్దున్నే నన్నూ తీసుకెళ్ళు బావా."

"ఎక్కడికి? బాట నీది కాదుగా ఇప్పుడు."

"కాదు," అంది సిడోనీ. "తొమ్మిదో ఉచ్చు దాకానే చూశాం మనం. అవతల ఇంకా నూట తొంభై ఉన్నాయి."